పాత ఊల్‌నే కొత్త జాలీలో కుట్టి పంపారు

మేనేజర్ గారికి,
ఇన్సులేషన్ సరఫరా విభాగం.

విషయం: థర్మిక్ ఫ్లూయిడ్ (వేడి నూనె) లైన్‌కు పంపిన మినరల్ ఊల్ మ్యాట్రెస్‌లు (పైపుల వేడి పోకుండా చుట్టే రాతి పోగు పరుపులు), రీసైక్లింగ్ చార్జీ.

అయ్యా,

షట్‌డౌన్‌లో మా లైన్ల మీద నుంచి విప్పిన పాత ఊల్‌ను మీ లారీలోనే తీసుకెళ్లారు. కరిగించి మళ్లీ ఊల్ చేస్తామని విడిగా చార్జీ కూడా వేశారు. తర్వాత మీరు పంపిన కొత్త మ్యాట్రెస్‌లు బిగించి, లైన్‌ను 280 డిగ్రీలకు ఎక్కించగానే పొగ మొదలైంది. మీ సర్వీస్ ఆయన వచ్చి, "బైండర్ కాలుతోందండీ, రెండు రోజుల్లో అదే పోతుంది" అని చెప్పి వెళ్లారు.

బైండర్ సంగతి మాకు తెలియనిది కాదు. పోగులను పట్టి ఉంచే ఫినాలిక్ రెసిన్ 200 డిగ్రీలు దాటాక మెల్లగా కాలుతుంది, ఘాటు వాసన కొడుతుంది, ఆగిపోతుంది. ఇది ఆగలేదు. లైన్ చల్లార్చి ఒక మ్యాట్రెస్ విప్పాం. బయట జాలీ తళతళలాడుతోంది. లోపల పైపొర మాత్రం పచ్చగా, కొత్తగా ఉంది. దాని కింద ఊల్ బూడిదరంగుకు తిరిగి, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. మధ్యలో అరచేయంత నల్లటి నూనె మరక, దాని పక్కనే మా ఫిట్టర్ చేత్తో వాల్వ్ నంబరు రాసిన అల్యూమినియం టేపు ముక్క. మా సరుకు మాకే అమ్మారు.

రీసైక్లింగ్ అంటే జాలీ, ఫాయిల్ ఏరేసి, ఊల్‌ను పొడిచేసి, సిమెంటు కలిపి ఇటుకల్లా నొక్కి, క్యుపోలా అనే కొలిమిలో బసాల్టు రాయితో పాటు 1500 డిగ్రీల దగ్గర కరిగించి కొత్త పోగు తీయడం. విడి ఊల్‌ను అలాగే పోస్తే కొలిమిలో గాలి ఆడదు, అందుకే ఆ ఇటుకలు. మీ దగ్గర జరిగింది కుట్టుపని. కరిగించి ఉంటే టేపు మిగిలేదా?

బైండర్ పోయిన ఊల్ వైబ్రేషన్‌కు కిందికి జారి, పైపు పైభాగం బోసిపోతుంది. అది డబ్బు నష్టం, సర్దుకోవచ్చు. నూనె పీల్చిన ఊల్ సంగతి వేరు. వేడి పైపు మీద ఆ నూనె లోలోపలే ఆక్సీకరణ చెంది, వేడి పెరిగి, నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. థర్మిక్ ఫ్లూయిడ్‌తో పనిచేసే ప్రతి ప్లాంటూ భయపడేది దీనికే. అందుకే నూనె పట్టిన సంచులకు ఎర్ర గుర్తు వేసి, గేట్‌పాస్‌లో కూడా రాసి ఇచ్చాం.

మొత్తం సరుకు మీ ఖర్చుతో మార్చండి. మీ ఇన్వాయిస్‌లో ఐఎస్ 8183 (ఈ ఊల్‌కు ఉన్న భారతీయ ప్రమాణం) అని ఉంది కాబట్టి, ఈసారి బ్యాచ్‌వారీ టెస్ట్ సర్టిఫికెట్ లేకుండా లారీని గేటు దాటనివ్వం. రీసైక్లింగ్ చార్జీ వాపసు ఇవ్వండి. ఎర్ర గుర్తు సంచుల్లో ఇంకెన్ని, ఏ ఫ్యాక్టరీలకు కొత్త సరుకుగా వెళ్లాయో లిఖితపూర్వకంగా చెప్పండి, వాళ్లకు కూడా వెంటనే తెలియజేయండి. ఇవి జరిగేదాకా మీ బిల్లు బకాయి ఆపుతున్నాం.

మిగతా మ్యాట్రెస్‌లు విప్పకుండా స్టోర్‌లో సీలు వేసి ఉంచాం. మీ క్వాలిటీ వాళ్లను పంపితే వాళ్ల ఎదుటే విప్పుతాం. సర్వీస్ ఆయన్ను మళ్లీ పంపొద్దు.

ఇట్లు,
మెయింటెనెన్స్ ఇన్‌చార్జి,
పటాన్‌చెరు.