పిల్లల కోసమని అమ్మిన పడవ సీటు కవర్ల గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం,
బెంగళూరు.

విషయం: పడవ సీటు కవర్లు, స్ప్రే పనికిరాకపోవడం, వారంటీ ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

గత ఏప్రిల్‌లో మీ దగ్గర ఆరు సీటు కవర్లు, మరకలు పట్టకుండా కొట్టే రెండు స్ప్రే సీసాలు కలిపి 18,400 రూపాయలకు కొన్నాను. వాటి గురించి ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాను. పని జరగలేదు. అమ్మేటప్పుడు మీ ప్రతినిధి నాతో తెలుగులోనే మాట్లాడారు, నాకు బాగా వచ్చిన భాష కూడా ఇదే, కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

మాది సూళ్లూరుపేట దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్లుగా చెన్నై శివారు కేళంబాక్కంలో ఉంటున్నాం. ముట్టుకాడు ఉప్పుటేరులో మాకు ఒక చిన్న ఫైబర్ పడవ ఉంది. నడిపేది మా ఆయన. లైఫ్ జాకెట్లు తొడగడం, డబ్బులు తీసుకోవడం, సాయంత్రం పడవ కడగడం నా పని. మా ఇల్లు గడిచేది దీని మీదే. శని, ఆదివారాల్లో ఎక్కేవాళ్లలో ఎక్కువమంది చంటిపిల్లల తల్లిదండ్రులు. పిల్లలన్నాక పాలు ఒలకబోస్తారు, బిస్కెట్లు నలిపేస్తారు, పడవ ఊగితే ఒక్కోసారి కక్కుకుంటారు. వాళ్లని ఏమీ అనలేం, అనకూడదు. ‘పాలు, జ్యూస్, పసుపు, పెన్ను గీతలు, ఏది పడినా తడిగుడ్డతో తుడిస్తే చాలు’ అన్న మీ ప్రకటన చూసి, ఇది మా కోసమే చేసినట్టుందని సంతోషంగా కొన్నాను.

మే నెలలో ఒక పాపాయి పాలసీసా మూత ఊడి సీటు మీద ఒలికింది. నిమిషంలోపే తుడిచాను. పైకి మరక కూడా లేదు. మూడో రోజుకి పులిసిన పాల వాసన మొదలైంది. కవరు తీసి చూద్దామంటే జిప్పు రన్నర్ తుప్పుపట్టి కదల్లేదు. ఉప్పుగాలి తగిలే చోట వాడే వస్తువుకి ఇనుప రన్నర్ ఎలా వేశారో నాకు అర్థం కాలేదు. చివరికి కత్తెరతో కోసి తీశాను. లోపల స్పాంజి కుట్టు పొడవునా అరచెయ్యంత వెడల్పున తడిసి, నల్లని బూజు చుక్కలు పట్టి ఉంది.

పాలు ఎక్కణ్నుంచి దిగాయో తెలుసుకోవాలని ఇంట్లో ఒక పని చేశాను. వాడని కొత్త కవరు ఒకటి మిగిలి ఉంది. దాని కుట్టు కింద తెల్ల టిష్యూ కాగితం పెట్టి, పైన ఒక చెంచా నీళ్లలో ఇంకు కలిపి పోశాను. నాలుగు నిమిషాల తర్వాత కాగితం తీస్తే, ముగ్గు పెట్టేముందు చుక్కలు వేసినట్టు వరసగా నీలం చుక్కలున్నాయి. సూది దిగిన ప్రతి రంధ్రానికీ ఒక చుక్క. మీ రెక్సిన్‌లోంచి చుక్క నీరు కూడా దిగలేదు, ఆ మాట నిజాయితీగా ఒప్పుకుంటాను. దిగిందంతా కుట్టులోంచే. కుట్టు వెనక టేపు అతికించి ఉంటే ఇలా జరిగేది కాదు. నీళ్లు దిగని గుడ్డ వేరు, నీళ్లు దిగని కవరు వేరు. మీరు డబ్బు తీసుకున్నది కవరుకి.

అదే కవరుని చెన్నై జీపీ రోడ్డులో కారు సీట్లు కుట్టే మేస్త్రీకి చూపించాను. ఆయన అంచు నుంచి ఒక దారప్పోగు లాగి అగ్గిపుల్ల అంటించారు. పాలిస్టర్ దారమైతే కరిగి పూసలా గట్టిపడుతుంది. ఇది కాగితంలా మండి, కాలిన కాగితం వాసన వేసి, వేళ్ల మధ్య బూడిదైపోయింది. ‘ఇది నూలుదారం అమ్మా, ఎప్పుడూ తడిగా ఉండేచోట కుళ్లిపోద్ది, ఈ వానాకాలం దాటదు’ అన్నారు. అక్టోబర్ వానలు రాకముందే రెండు సీట్ల మూలలు విడిపోయాయి.

ఇక పసుపు సంగతి. ఒక పెద్దావిడ మనవడికి పులిహోర తినిపిస్తుంటే నాలుగు మెతుకులు సీటు మీద పడ్డాయి. కవర్లతో ఇచ్చిన మీ కార్డులో ‘సబ్బు నీళ్లతో కడగండి’ అని ఉంది కదా అని బట్టల సబ్బుతో రుద్దాను. పసుపు మరక చూస్తుండగానే ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకవుతుందో మనకి తెలిసిందే, బట్టల సబ్బులో ఉండే క్షారం కూడా అదే పని చేస్తుంది. పైగా పులిహోర పసుపు నూనెలో కలిసి ఉంటుంది, వట్టి నీళ్లకి లొంగదు. చివరికి సీటుని నాలుగు రోజులు ఎండలో పెడితే మరక వెలిసింది, ఎండకి పసుపు నిలవదు కాబట్టి. ఏ సబ్బు వాడాలో, ఏది వాడకూడదో ఒక్క ముక్క కార్డులో రాసి ఉంటే ఇంత తిప్పలు ఉండేది కాదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మీ ఫోన్ సలహా. ఒక బాబు బాల్‌పెన్నుతో సీటు మీద గీతలు గీశాడు. మీ సేవా విభాగంలో ఒకరు ‘దూదికి థిన్నర్ అద్ది తుడవండి’ అన్నారు. తుడిచాను. ఇంకు పోయింది, దాంతోపాటు రెక్సిన్ నిగనిగ కూడా పోయింది. వారం తిరిగేసరికి ఆ మేర గట్టిపడి, ఎండిన చెరువు మట్టిలా పగుళ్లిచ్చింది. రెక్సిన్‌ని మెత్తగా ఉంచే పదార్థాన్ని థిన్నర్ లాగేస్తుందని, పైపూత కూడా కరిగిపోతుందని మేస్త్రీ చెప్పారు. రెక్సిన్ అమ్మే మీకు ఇది తెలియకుండా ఉండదు. మీ మాట విన్నందుకు నా సీటు పాడైంది.

స్ప్రే గురించి ఎక్కువ చెప్పను. అది గుడ్డలోకి ఇంకి పనిచేసే రకం. రెక్సిన్‌లోకి ఇంకే వీలు లేదు కనుక పైన జిగురుగా మిగిలి దుమ్ము పట్టింది.

ఇదంతా డబ్బు సంగతి మాత్రమే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. జూన్‌లో ఒక ఆదివారం, మూడేళ్ల పాప ఆ పాలు దిగిన సీటులో కూర్చుంది. పడవ మధ్యలోకి వెళ్లాక ‘అమ్మా కంపు’ అంటూ ముక్కు మూసుకుని లేచి పడవ అంచు వైపు నడిచింది. వాళ్లమ్మ ఒడిలో ఇంకో చంటిబిడ్డ ఉంది, వెంటనే లేవలేకపోయింది. మా ఆయన ఇంజన్ ఆపేశారు, నేను జాకెట్ పట్టీ పట్టుకుని పాపని వెనక్కి లాగాను. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పడవలో పిల్లలు కూర్చునే ఉండాలి, అది మొదటి జాగ్రత్త. సీటు శుభ్రంగా, పొడిగా ఉంటేనే పిల్ల దాని మీద కూర్చుంటుంది. మర్నాడే పాడైన రెండు సీట్లూ తీసి బయట పెట్టేశాం. వాటిని మళ్లీ కుట్టించేదాకా నలుగురికే చోటు.

ఇన్ని చెప్పాక మీ నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: ‘పిల్లల వల్ల జరిగిన నష్టం వారంటీ కిందికి రాదు.’ అట్టపెట్టె మీద పాలసీసా పట్టుకున్న పాప బొమ్మ వేసింది మీరే కదా! పిల్లలు ఒలకబోస్తారనే కదా నేను కొన్నది, మీరు అమ్మింది? ఆ పని చేసినందుకే వారంటీ లేదంటే ఇక అది దేనికి?

నేను అడిగేవి ఇవి. కవర్లు, స్ప్రేల ధర 18,400 రూపాయలు తిరిగి ఇవ్వండి. పాడైన రెండు సీట్లకు స్పాంజి, రెక్సిన్, కుట్టుకూలి కలిపి మేస్త్రీకి ఇచ్చిన 5,200 కూడా ఇవ్వండి. ఆయన పాలిస్టర్ దారంతో కుట్టి, రెక్సిన్ కింద పాలిథిన్ పొర వేసి, అడుగున నీళ్లు కారడానికి రంధ్రాలు పెట్టారు, ప్లాస్టిక్ జిప్పు వేశారు. ఇప్పటికి రెండుసార్లు పాలు ఒలికినా లోపల పొడిగానే ఉంది. అంటే ఇది చేయగలిగిన పనే. మీరూ అలా చేయండి. కుట్టుకి టేపు వేసేదాకా ప్రకటనలోంచి ‘ఏది పడినా’ అన్న మాట తీసేయండి. థిన్నర్ సలహా ఎవరెవరికి ఇచ్చారో వాళ్లందరికీ ఫోన్ చేసి వద్దని చెప్పండి. ఇది నా కోసం అడగడం లేదు, నా సీటు ఎటూ పోయింది.

15 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. లేకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మాది వ్యాపారం కాబట్టి మేము వినియోగదారులం కామని మీ ప్రతినిధి అన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(7) వివరణ చదవండి. సొంతంగా పని చేసుకుంటూ, కేవలం బతుకుతెరువు కోసం కొన్న వస్తువుని చట్టం వాణిజ్య అవసరం కింద లెక్కకట్టదు. సెక్షన్ 34 ప్రకారం నేను ఉంటున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు, బెంగళూరు రానక్కర్లేదు.

బిల్లు నకలు, మీ అట్టపెట్టె ఫొటో, ఇంకు చుక్కల టిష్యూ ఫొటో, పగిలిన రెక్సిన్ ఫొటో, మేస్త్రీ ఇచ్చిన రసీదు జతచేస్తున్నాను. కోసి తీసిన కవరు నా దగ్గరే ఉంది, మీ మనిషి వస్తే చూపిస్తాను. సోమవారం తప్ప ఏ రోజైనా సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లో ఉంటాం.

ఇట్లు,
మీ కవర్లు కొన్న వినియోగదారురాలు,
కేళంబాక్కం, చెన్నై.