ఆగస్టు వార్తాలేఖ: రేవులో మన పిల్లలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం మన ఎనిమిదో తరగతి పిల్లలు పదకొండు మంది చేపల రేవులో అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డ సంగతి ఊరంతా మాట్లాడుకుంటోంది. "శన ఉన్న పులసను వదలండి" అని రాశారు. శన అంటే చేప కడుపులోని గుడ్లు. మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. "మా పొట్ట కొట్టమని బళ్లో నేర్పిస్తున్నారా మేడమ్?" అని ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. వేటకెళ్లే ఇళ్లవాళ్ల బాధ న్యాయమైనదే. అందుకే ఈ ఉత్తరం ముందుగా వాళ్లకే.

పిల్లల్ని రేవుకు మేం పంపలేదు, వాళ్లంతట వాళ్లే వెళ్లారు. కానీ ఆ ఆలోచన పుట్టింది మన తరగతి గదిలోనే. దాన్ని నేను వెనక్కి తీసుకోను.

యూనిట్ పరీక్షలు వచ్చే సోమవారం నుంచి. యూనిఫాం రెండో జత వచ్చింది, పట్టుకెళ్లండి. వానలకు మరుగుదొడ్ల దారి పాడైంది, బాగు చేయిస్తున్నాం.

ఇక పులస. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది ఇలస. జూలైలో ఎర్రనీరు దిగగానే ఉప్పునీళ్లు వదిలి, వరదకు ఎదురీదుకుంటూ గోదారిలోకి వస్తుంది. వచ్చేది గుడ్లు పెట్టడానికి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ధవళేశ్వరం దగ్గర దాని దారికి అడ్డుపడింది. కింద మిగిలిన పాయల్లోనేమో మనం వలలు కట్టి కూర్చుంటాం. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. పులస ఏట్లోకి వచ్చేది ఆ నిషేధం తీరిపోయాక! తల్లిచేప కడుపుతో వచ్చే రోజుల్లో ఆ నిషేధం దానికి కాపు కాయదు. పుస్తెలమ్మైనా పులస తినాలని చెప్పుకునే మన గడ్డమీద ఒక్క చేప వేల రూపాయలు పలుకుతోందంటే, అది మన గొప్ప కాదు, చేప దొరకడం లేదని అర్థం. ఇలస జాతి ప్రపంచంలో అంతరించిపోలేదు, తరిగిపోతున్నది మన గోదారి పులస. బంగ్లాదేశ్‌కు అది జాతీయ చేప. అక్కడ ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు దాన్ని పట్టనివ్వరు, అమ్మనివ్వరు. నవంబరు నుంచి జూన్ దాకా పిల్లచేపల జోలికి పోనివ్వరు. ఆ రోజులకు జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది.

"బియ్యం సంగతి మాట్లాడకుండా వల ఆపమంటే మా నాన్న ఏం తినాలి?" అని తరగతిలో లేచి అడిగిన అమ్మాయి ఆదివారం రేవులో అందరికంటే ముందు నిలబడింది. మొదట అట్టమీద "పులస తినకండి" అని రాస్తే, అలా అంటే ఎవరూ వినరని కొట్టేసి మార్చింది కూడా ఆ అమ్మాయే. ఇంకో అబ్బాయి వాళ్ల తాతగారి పాత వలనూ ఇప్పటి వలనూ పక్కపక్కన పరిచి, కన్నుల వెడల్పు స్కేలుతో కొలిచి, బొమ్మ గీసి తెచ్చాడు. ఇరవై రెండేళ్ల నా ఉద్యోగంలో ఇంత మంచి ప్రాజెక్టు చూడలేదు. ఆఫీసు గది బయట పెట్టాం, వచ్చి చూడండి.

ఆ బొమ్మ పిల్లాడే గీశాడు. మిగతా ప్రాజెక్టుల్లో చాలావాటి మీద అమ్మల చేతిరాతను గుర్తుపట్టాను. దయచేసి వాళ్లను రాయనివ్వండి, తప్పులుంటే మేం దిద్దుకుంటాం. సోమవారం ఆరో తరగతిలో తొమ్మిది మంది రాలేదు. చుట్టాలొచ్చారు, పులస వండుకున్నాం అని చీటీలు వచ్చాయి. పులస పులుసు మర్నాడు మరింత బాగుంటుందని నాకంటే మీకే బాగా తెలుసు. బడి నుంచి వచ్చాక పెట్టొచ్చు కదండీ. పిల్లల్ని దింపి వెళుతూ చిప్స్ కవర్లు కాలవలోకి విసిరే నాన్నగార్లకు కూడా ఒక మనవి, అలా విసరకండి. ఆ కాలవ నీళ్లు ఎక్కడికి పోతాయో మీ పిల్లలు పటం గీసి చూపించగలరు.

ఈ శనివారం సాయంత్రం నాలుగింటికి బళ్లో కూర్చుని మాట్లాడుకుందాం. వేటకెళ్లే పెద్దలు తప్పకుండా రావాలి. వరద రోజుల్లో కొన్నాళ్లు వల ఆపాలని, ఆ రోజులకు మీకు భృతి ఇవ్వాలని మత్స్యశాఖకు అర్జీ రాస్తున్నారు పిల్లలు. ఎన్ని రోజులో, ఏ రోజులో మీరే చెప్పాలి. ఆ చోటు ఖాళీగా ఉంచారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు