పెద్ద డాక్టర్ ఎప్పుడొస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా నాన్నను నల్గొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేర్చాం. రాత్రి రెండింటికి ఊపిరి అందకపోతే గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టింది ఒక డాక్టరమ్మ. ఆమె బయటికి రాగానే నేనడిగిన మాట, ‘సిస్టర్, పెద్ద డాక్టర్ ఎప్పుడొస్తారు?’ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రాత్రికి పెద్ద డాక్టర్ ఆమే. గోడ మీది బోర్డులో ఐసీయూ ఇన్‌చార్జీలు మాత్రం ముగ్గురూ మగవాళ్లే.

డ్యూటీ రూమ్ అందరికీ ఒక్కటే, తలుపుకు గడియ లేదు. ఆమె కుర్చీలోనే కునుకు తీసింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మపై అత్యాచారం చేసి చంపేసిన అంత ఘోరం జరిగాక కూడా ఇంతేనా? 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలన్న నిబంధన 2017లోనే వచ్చింది. అక్కడ క్యాంటీన్ కనిపించింది గానీ అది కనిపించలేదు. జిల్లా వైద్యాధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ఆ గడియ సంగతి కూడా చూడాలి.

- ఒక పాఠకుడు, నల్గొండ