నాన్న నీ మీద అలగలేదురా

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సూరీ,

ఇది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే కాగితం పట్టాను. నీకు ఉత్తరం రాసి పదిహేనేళ్లయిందేమో. ముందు టీ పెట్టించుకో, తర్వాత చదువు.

మూడేళ్ల కిందట సిరిమానుకి వచ్చావు, గుర్తుందా? మూడు లాంతర్ల దగ్గర జనంలో నలిగి, చొక్కా చింపుకుని ఇంటికొచ్చి, "బాగున్నారా బాబాయ్" అంటూ నాన్న కాళ్లకి దణ్ణం పెట్టావు. ఆయన నీ మొహంలోకి చూశారు. నవ్వలేదు. "ఊఁ" అన్నారు, అంతే. నువ్వు పులిహోర సగంలో వదిలేసి, బండికి టైమైపోతోందంటూ లేచిపోయావు. బండికి ఇంకా మూడు గంటలుంది. ఆ తర్వాత ఖరగ్‌పూర్ నుంచి ఎన్నిసార్లు వచ్చినా మా వీధి మొహం చూడలేదు. నీ అప్పు సంగతి నాన్న చెవిన వేశాననుకున్నావు కదూ? వెయ్యలేదు. (ఆ ఎనిమిది వేలు ఇంకా ఇవ్వాలి, అది వేరే సంగతి.) ఆయన నీ మీద అలగలేదురా. నవ్వడానికి కావలసిన సరుకు ఆయన తలలో అప్పటికే నిండుకుంది.

పార్కిన్సన్స్ అట. కిందటేడు పేరు తెలిసింది. రోగం మాత్రం ఎన్నాళ్లుగానో మా ఇంట్లోనే ఉంది.

ఎలా తెలిసిందో చెప్తాను. నాన్న జూట్ మిల్లు టైమాఫీసులో గుమస్తా కదా, రిటైరయ్యాక కూడా ఇంటి జమాఖర్చులు ఏడాదికో నోటుబుక్కులో రాసేవారు. వైజాగ్‌లో డాక్టరు గారు చూసి చెప్పిన రాత్రి నిద్ర పట్టక, అటక మీంచి ఆ పుస్తకాలు దించాను. 2012 పుస్తకంలో అక్షరాలు పెళ్లి శుభలేఖలా ఉన్నాయి, తలకట్టు తలకట్టే, ఒత్తు ఒత్తే. 2017లో అదే రాత కొంచెం దగ్గరపడింది. 2021కి వచ్చేసరికి పంక్తి మొదట్లో వేరుశనగ గింజంత ఉన్న అక్షరం చివరికి ఆవగింజంత అయిపోయింది. "చోళ్ళు 2 కిలోలు" అని రాసిన చోట ళ కింద ఒత్తు ఒట్టి చుక్క. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా లేదు. దీనికో పేరు కూడా ఉంది, మైక్రోగ్రాఫియా అంటారు. ఆయన అప్పట్లో "పెన్ను బాలేదురా" అనేవారు. నేను పెన్నులు కొనిచ్చాను. ఒకటి కాదు, డజను. నా తెలివి చూడు.

పెన్నొక్కటే కాదు. ఆగస్టులో ఏజెన్సీ నుంచి పనసపండు తెచ్చి గదిలో పెడితే, రెండో రోజున "ఇదెప్పుడు తెచ్చారు?" అని అడిగారు. పనస వాసన తెలియని మనిషి ఉంటాడా? జలుబనుకున్నాం. రాత్రి నిద్రలో కాళ్లు విదిలించి, ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు అరిచేవారు. అమ్మ వేరే మంచం వేయించుకుంది, మేం నవ్వుకున్నాం. మామూలుగా కలగనేటప్పుడు మెదడు ఒళ్లంతటినీ స్విచ్ ఆపేసి ఉంచుతుందట. ఆ స్విచ్ చూసుకునే కణాలు మెదడుకాండంలో ఉంటాయి, అవి దెబ్బతింటే కలలో తన్నిన తన్ను నిజంగానే పక్కవాళ్లకి తగులుతుంది. వాసన పోవడం, ఈ తన్నులు, మలబద్ధకం, ఇవన్నీ వణుకు కంటే ఏళ్ల ముందే రావచ్చట. కుడి భుజం పట్టేస్తే ఇక్కడ ఒకాయన ఏడాది పాటు భుజానికే వైద్యం చేశాడు. పేరెందుకులే.

పార్కిన్సన్స్ అంటే వణుకే అనుకుంటాం కదా. జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు 1817లో దీని గురించి రాసినప్పుడు పెట్టిన పేరు కూడా 'వణుకు పక్షవాతం' అనే. కానీ నాన్నకి వణుకు చాలా తక్కువ. ఆయనకి వచ్చింది నెమ్మది. బొత్తాం పెట్టుకోవడం నెమ్మది, మాట నెమ్మది, రెప్ప వెయ్యడం నెమ్మది, మొహం మీదికి నవ్వు రావడం మరీ నెమ్మది. మేం దాన్ని మొండితనం అన్నాం. ముసలితనం అన్నాం. నేనైతే ఒకరోజు "నటిస్తున్నారు" అని కూడా అన్నాను. ఆ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పను.

లోపల జరిగింది ఇదీ. మెదడు అడుగున రెండు పక్కలా నల్లటి చిన్న మచ్చలుంటాయి, లాటిన్లో సబ్‌స్టాన్షియా నైగ్రా అంటే నల్ల పదార్థమనే. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనం తయారుచేస్తాయి. నడుస్తున్నప్పుడు చెయ్యి ఊగడం, రెప్ప పడటం, మనిషిని చూడగానే పెదవి విచ్చుకోవడం లాంటి, మనం అనుకోకుండా జరిగిపోయే పనులన్నీ ఆ డోపమిన్ చలవే. మెదడు మొత్తం మీద సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉంటే, ఈ మచ్చలో ఉన్నవి కొన్ని లక్షలే. రోగం పైకి కనిపించేనాటికి వాటిలో దాదాపు సగమో, అంతకన్నా ఎక్కువో పోయి ఉంటాయి. మిగిలినవి ఏళ్ల తరబడి ఆ లోటు బయటపడకుండా నెట్టుకొస్తాయన్నమాట.

నాన్నకి దీన్ని మిల్లు భాషలో చెప్పాను. మిల్లులో ఒకడు నాగా పెడితే బదిలీవాడొచ్చి మగ్గం దగ్గర నిలబడతాడు. చర్మంలో, పేగులో, రక్తంలో అలాంటి బదిలీలున్నారు, పాత కణం పోతే కొత్తది వస్తుంది. ఈ న్యూరాన్‌కి బదిలీ లేడు. మీకు 74 ఏళ్లంటే వాటికీ 74 ఏళ్లే, పైగా ఒక్కొక్క కణం లక్షల చోట్లకి కొమ్మలు చాపి, రాత్రీ పగలూ తనంతట తానే టిక్కుటిక్కుమని కొట్టుకుంటూ ఉండాలి, అని. ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే ఓటీ చేసి చేసి చచ్చిపోనాయన్నమాట" అన్నారు. నవ్వకు, పరిశోధకులు కూడా ఇంచుమించు ఆ దారిలోనే ఆలోచిస్తున్నారు. అంత ఖర్చుతో బతికే కణం కాబట్టే ముందు అది అరుగుతుందని. దానికి తోడు ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీను మడత తప్పి కణంలో ఉండలు కడుతుంది. ఫ్రీడ్రిష్ లెవీ అనే వైద్యుడు 1912లోనే ఆ ఉండల్ని చూశాడు. మెదడులో చెత్త ఎత్తిపోయడానికి మైక్రోగ్లియా అనే కణాలు వేరే ఉన్నాయి గానీ, చెత్త మితిమీరితే అవే రెచ్చిపోయి పక్కవాటికి చేటు చేస్తాయట.

ఇప్పుడు నీకు సంబంధించిన భాగం. లెక్కల మాస్టారి కుర్చీ మీద నువ్వు దూలగొండి చల్లావు, దెబ్బలు నేను తిన్నాను. ఆ దూలగొండి గింజల్లో డోపమిన్‌కి ముడిసరుకైన ఎల్-డోపా ఉంది! 1937లో దామోదరన్, రామస్వామి అని మనవాళ్లిద్దరు దాన్ని విడదీశారు. ఇరవై ఏళ్ల తర్వాత స్వీడన్‌లో శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకి రిసర్పిన్ ఇచ్చాడు, అది మన సర్పగంధి వేరులో దొరికే మందే, మెదడులో డోపమిన్‌ని ఖాళీ చేస్తుంది. కుందేళ్లు కదలకుండా చతికిలపడిపోయాయి. ఎల్-డోపా ఎక్కించాడు, లేచి తిరిగాయి. ఆ దారిలో చేసిన పనికే ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది. డోపమిన్‌నే మాత్రగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి పోలేదు. ఎల్-డోపా పోగలదు, పోయాక డోపమిన్‌గా మారుతుంది. నాన్న వేసుకునేది అదే. అలాగని ఎవరికీ దూలగొండి పొడి సలహా ఇవ్వకు, గింజలో ఎంతుందో ఎవడు తూచాడు?

ఇంకో చిక్కుంది. ఈ మందూ, ప్రోటీనూ ఒకే గుమ్మంలోంచి లోపలికి దూరాలని కొట్టుకుంటాయి. అందుకని తిండికి అరగంట ముందు మాత్ర, పప్పూ గుడ్డూ రాత్రికి. పొద్దున్నే పెసరట్టు లేదంటే నాన్నకి వచ్చే కోపం చూడాలి. ఆ కోపం మాత్రం ఇప్పుడు మొహంలో కనిపిస్తోంది, అమ్మ దానికే సంబరపడుతోంది.

గడప దగ్గర ఒక్కోసారి కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. చెయ్యి పట్టుకుని లాగితే పడిపోతారు. ఒకరోజు అమ్మ ముగ్గుపిండితో గుమ్మం ముందు అడుగుకో అడ్డగీత గీసింది. ఆయన మొదటి గీత దాటారు, రెండోది దాటారు, మామూలు మనిషిలా వీధిలోకొచ్చి నిలబడ్డారు. గాడి తప్పిన కణాల దారి వదిలేసి, కంటితో చూసి అడుగేసే ఇంకో దారిని మెదడు పట్టుకుంటుందని డాక్టరు గారు చెప్పారు. అమ్మకి ఆ సిద్ధాంతం అక్కర్లేదు. రోజూ పొద్దున్న ముగ్గుతో పాటు ఆ గీతలూ పడతాయి.

పిన్ని మతిమరుపు గురించి అడిగావు. రోజుకి లక్ష కణాలు చచ్చిపోతాయని బళ్లో విన్నాం చూడు, అది పాత లెక్క. రోగం లేని ముసలితనంలో కణాలు చాలావరకు ఉంటాయి, పలచబడేవి వాటి కొమ్మలూ, కణానికీ కణానికీ మధ్య సంధులూ. అందుకే పేరు గుర్తుకు రావడం ఆలస్యమవుతుంది, కానీ వస్తుంది. ముప్పై ఏళ్లుగా అరిసెలు వండిన మనిషి పాకం ముందో పిండి ముందో తడబడితే అప్పుడు భయపడు. టీవీ సౌండు పెద్దదిగా పెడుతోంది, నలుగురిలో మాట్లాడదు అన్నావు, ముందు చెవులు చూపించరా. డిమెన్షియాకి, అంటే మతి చెడే జబ్బుకి, దారితీసే వాటిలో మన చేతిలో ఉన్నవి పద్నాలుగని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క వేసింది, వినికిడి లోపం అందులో ఒకటి. బీ12, థైరాయిడ్ కూడా చూపించు, అవి తక్కువైతే వచ్చే మతిమరుపు మందుతో చాలాసార్లు తగ్గుతుంది. నీ బీపీ కూడా, లావుగాడా.

దసరాకి సెలవు పెట్టు. నాన్నకి మాత్ర తొమ్మిదిన్నరకి. పది దాటాక మొహం విచ్చుకుంటుంది, పన్నెండు దాకా ఢోకా లేదు. ఆ మధ్యలో రా. మధ్యాహ్నం మూడింటికి వచ్చావా, మళ్లీ "ఊఁ" అంటారు, నువ్వు మళ్లీ స్టేషన్‌కి పరిగెడతావు.

నిన్న పదిన్నరకి నీ పేరెత్తాను. "ఎవరు, ఆ దూలగొండి గుంటడా?" అన్నారు. పులిహోర చేస్తానంటోంది అమ్మ, ఈసారి ఆకు ఖాళీ చేసి లేవాలట.

నీ
రమణ