గేమ్ మధ్యలో సిస్టం ఆగిపోతోందా? ఇకమీదట మొదటి రోజే ఫార్మాట్ కొట్టం

మా కంప్యూటర్ రిపేర్ షాపుకి వచ్చే బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్ గిరాకీలందరికీ, కాగజ్‌నగర్ నుంచి రైల్లో క్యాబినెట్ మోసుకొచ్చే తమ్ముళ్లకీ ఈ సంగతి చెప్పాలి.

ఎండలు ముదిరినప్పటి నుంచి ఎక్కువ సిస్టంలు ఒకే ఫిర్యాదుతో వస్తున్నాయి. మామూలు పనికి బాగానే ఉంటుంది, గేమ్ పెట్టిన కాసేపటికి ఆగిపోతుంది. తెచ్చినవాళ్లు అడిగేది కూడా ఒకటే: "అన్నా, ఫార్మాట్ కొట్టి ఇవ్వు." ఈ నెల నుంచి గేమ్ క్రాష్‌కి మొదటి మందుగా ఫార్మాట్ కొట్టడం మానేస్తున్నాం. 500 తీసుకుని సాయంత్రానికి సిస్టం చేతికిచ్చేయడం మాకు సులువే. కానీ లోపం వేడిలోనో, కరెంటులోనో, ర్యామ్‌లోనో ఉంటే విండోస్ మళ్లీ వేసినా అది అక్కడే ఉంటుంది. పోయేది మీ ఫైళ్లే. ఇకమీదట చెకింగ్‌కి 400 తీసుకుంటాం, సిస్టం రెండు రోజులు మా దగ్గర ఉంటుంది. పార్టు మా దగ్గరే కొంటే ఆ 400 బిల్లులో తగ్గిస్తాం. ఆ రెండు రోజుల్లో మేం ఏం చూస్తామో కింద రాస్తున్నాం. ఇందులో సగం మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు, అక్కడే బాగైపోతే ఇంకా మంచిది.

"క్రాష్ అవుతోంది" అన్న ఒక్క మాటతో మాకు దారి దొరకదు. ఎలా ఆగుతోందో చెప్పండి. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ వస్తోందా? నీలం స్క్రీన్ పడుతోందా? బొమ్మ నల్లబడి సౌండ్ మాత్రం వినిపిస్తోందా? లేక కరెంటు తీసేసినట్టు ఒక్క దెబ్బకు ఆరిపోతోందా? నీలం స్క్రీన్ అయితే ఫోన్‌తో ఫొటో తీయండి. ఫొటో తీసేలోపే రీస్టార్ట్ అవుతుంటే, అడ్వాన్స్‌డ్ సిస్టం సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి.

విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్రగా "కెర్నల్ పవర్ 41" కనిపించగానే చాలామంది ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు ఇచ్చే పెట్టె) పోయిందని తేల్చేస్తున్నారు. 41 చెప్పేది సిస్టం సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచిందని మాత్రమే. ఎందుకన్నది దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ దగ్గర చూడాలి. 278 ఉంటే గ్రాఫిక్ కార్డు డ్రైవర్ బదులివ్వకుండా ఆగిపోయింది. 292 ఉంటే హార్డ్‌వేరే స్వయంగా లోపం చెప్పింది, చాలాసార్లు ప్రాసెసర్ వైపు నుంచి. 26 ఉంటే ముందు ర్యామ్ చూస్తాం. సున్నా ఉందంటే నీలం స్క్రీన్ వేసే సమయం కూడా విండోస్‌కి దొరకలేదు, అప్పుడు కరెంటు, ఎస్‌ఎంపీఎస్, వేడి వైపు వెళ్తాం. ఆ సున్నాలే ఈ కాలంలో మాకు ఎక్కువ కనిపిస్తున్నాయి.

వేడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మేలో 45 దాటడం కొత్త కాదు. కార్డులో ఉన్న కూలింగ్ గది గాలి కంటే చల్లగా చేయలేదు. గది 25లో ఉన్నప్పుడు 72 దగ్గర నడిచే కార్డు, ఫ్యాన్ వేగం అంతే ఉంటే, గది 40 అయినప్పుడు 87 దగ్గరకు చేరుతుంది. ఈ కాలపు కార్డులు, ప్రాసెసర్లు వేడెక్కగానే ఆరిపోవు, ముందు స్పీడు తగ్గించుకుంటాయి. అందుకే ఆగిపోయే ముందు ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే బొమ్మల సంఖ్య) పడిపోతూ వచ్చిందా అని మిమ్మల్ని అడుగుతాం. వేడి, వోల్టేజి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసుకుని సెన్సర్ల లాగింగ్ ఆన్ చేసి గేమ్ ఆడండి, ఆగిపోయిన తర్వాత లాగ్‌లో చివరి లైన్లు చూడండి. కార్డు మామూలు టెంపరేచర్‌కీ హాట్‌స్పాట్‌కీ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) మధ్య తేడా 25 డిగ్రీలు దాటుతుంటే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా హీట్‌సింక్ సరిగా ఆనడం లేదు.

దుమ్ము మన దగ్గర రెండు రకాలు. గనుల దగ్గరి ఇళ్ల నుంచి వచ్చే క్యాబినెట్లలో సన్నని నల్ల బొగ్గు పొడి, గడ్‌చాందూర్ వైపు నుంచి వచ్చేవాటిలో బూడిదరంగు సిమెంట్ పొడి. బొగ్గు పొడి బ్లోవర్‌తో లేచిపోతుంది. సిమెంట్ పొడికి తడి తగిలితే హీట్‌సింక్ రేకుల మధ్య గట్టిపడి కూర్చుంటుంది, హీట్‌సింక్ విప్పి బ్రష్‌తో గీకితే తప్ప రాదు. ఆ తడి ఎక్కడిదంటే కూలర్‌ది. గడ్డి కూలర్ ముఖానికి ఎదురుగా క్యాబినెట్ పెట్టకండి. ఆ గాలిలో సన్నని తుంపర ఉంటుంది, బోరు నీళ్ల ఉప్పు బోర్డు మీద తెల్లగా పేరుకుంటుంది. కూలర్ గాలి గదికి తగలాలి, సిస్టంకి నేరుగా తగలకూడదు. దాంతోపాటు కిటికీ కాస్త తెరిచి ఉంచితే తేమ బయటికి పోతుంది.

ఇంట్లో శుభ్రం చేసుకునేవాళ్లు ముందు కేబుల్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బయటికి తీసుకెళ్లి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి బ్లోవర్ కొట్టండి. ఆపకుండా కొడితే ఫ్యాన్ తన వేగం దాటి తిరిగి బేరింగ్ పాడవుతుంది. తడిబట్ట వద్దు, వాక్యూమ్ క్లీనర్ మూతి బోర్డుకి ఆనించొద్దు. ప్రాసెసర్ పేస్ట్ మార్చడం నేర్చుకోవచ్చు, శనగగింజంత చాలు. గ్రాఫిక్ కార్డు మాత్రం విప్పకండి. లోపలి థర్మల్ ప్యాడ్లు ఒక్కో మోడల్‌కి ఒక్కో మందం, కొన్నిటికి 1 మిల్లీమీటరు, కొన్నిటికి 1.5, ఒకే కార్డులో రెండూ ఉండొచ్చు. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్‌ని తాకకుండా పైకి లేచి ఉంటుంది, కార్డు ముందుకంటే వేడిగా నడుస్తుంది.

ఇక ఎస్‌ఎంపీఎస్. పెట్టె మీద 450 అని పెద్దగా ఉంటుంది, మీరు చూడాల్సింది పక్కన స్టిక్కర్ మీది గడులు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో హెచ్చించండి. చవక రకాల్లో 18 ఆంపియర్లే ఉంటే, 450 పేరున్న ఆ పెట్టె గేమ్‌కి ఇవ్వగలిగేది 216 వాట్లు. కార్డూ ప్రాసెసరూ తినేది ఈ 12 వోల్టుల లైనే. జీటీఎక్స్ 1660 సూపర్ ఒక్కటే 125 వాట్లది, దానికి ప్రాసెసర్, ఫ్యాన్లు, బోర్డు కలిపితే ఇక మిగులు ఉండదు. ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170 వాట్లు, ఎన్విడియా దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చెప్తుంది. పైగా కార్డు క్షణంలో వందో వంతు కూడా పట్టనంతసేపు రాసినదానికంటే చాలా ఎక్కువ లాగుతుంది. మెనూలో బాగుండి పెద్ద పేలుడు సీన్‌లో ఆరిపోయే సిస్టంలు ఇవే. గేమ్ నడుస్తుండగా 12 వోల్టుల లైను 11.4 కిందికి పోకూడదు, మదర్‌బోర్డు సెన్సర్‌ని నమ్మకుండా మేం మీటర్ పెట్టి చూస్తాం. కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లు ఉంటే రెండు వేర్వేరు కేబుళ్లు పెట్టండి, ఒకే కేబుల్‌కి ఉన్న రెండు కొసలు కాదు.

ఎస్‌ఎంపీఎస్ మార్చే ముందు యూపీఎస్‌ని కూడా అనుమానించండి. మన ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్‌లలో చాలావాటి శక్తి 360 వాట్లే. మానిటర్ కలిపి గేమ్ లోడు దాన్ని దాటితే కరెంటు ఉన్నా లేకున్నా అది కూసి ఆపేస్తుంది. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనక ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మారే సమయం ఎక్కువ, ఎస్‌ఎంపీఎస్ అంతసేపు ఆగలేదు.

మా పరీక్ష ఇలా ఉంటుంది. ఫర్‌మార్క్‌తో కార్డుని విడిగా, ప్రైమ్95తో ప్రాసెసర్‌ని విడిగా అరగంట చొప్పున నడుపుతాం. విడివిడిగా నిలబడి, ఓసీసీటీ పవర్ టెస్ట్‌లో రెండూ కలిసినప్పుడు ఆరిపోతే మా దగ్గరున్న మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించి మళ్లీ చూస్తాం. అప్పుడు నిలబడితేనే కొత్తది కొనమని చెప్తాం. రాత్రంతా ర్యామ్ పరీక్ష మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడుస్తుంది, రెండు రోజులు పట్టేది దీనివల్లే. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌ని అలాగే వాడకూడదు, "ఒక్కటే కదా" అనడానికి లేదు. ఎర్రర్ వస్తే బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని ఎక్కువ స్పీడుతో నడిపే సెట్టింగ్, తీసేసి మళ్లీ పెడతాం, తర్వాత ఒక్కో స్టిక్కూ విడిగా. వేర్వేరు కంపెనీల స్టిక్కులు కలిపినవాళ్లకి చాలాసార్లు ఎక్స్‌ఎంపీ తీసేస్తేనే సరిపోతుంది, ఖర్చు లేదు.

ఇంటెల్ 13, 14వ తరం ఐ5, ఐ7, ఐ9 పెద్ద ప్రాసెసర్లు ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి. గేమ్ మొదట్లో షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుండగా మూసుకుపోవడం, కార్డులో మెమరీ బోలెడు ఉన్నా వీడియో మెమరీ చాలలేదని చెప్పడం దీని గుర్తులు. తప్పు కార్డుది అనుకుని కార్డు మార్చేస్తారు. ప్రాసెసర్ ఎక్కువ వోల్టేజి అడిగి తనని తాను పాడుచేసుకునే లోపం ఇది. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి మైక్రోకోడ్లు (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాముకి సవరణలు) ఇచ్చింది, అవి బయోస్ అప్‌డేట్‌తో వస్తాయి. ఇంకా లక్షణాలు లేకపోయినా బయోస్ అప్‌డేట్ చేయించుకోండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఏ బయోస్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాలి. ఈ మోడళ్లకి ఇంటెల్ వారంటీని 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకి పెంచింది. బిల్లు, పెట్టె పారేయకండి.

గేమ్ ఒక్కటే మూసుకుపోయే కేసుల్లో సాఫ్ట్‌వేర్ చూస్తాం. నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డ్రైవర్ తుడిచే డీడీయూ టూల్‌తో పాత డ్రైవర్ తుడిచి కొత్తది వేయడం, గేమ్ ఫైళ్లు వెరిఫై చేయడం, పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు) మళ్లీ ఆన్ చేయడం. స్పీడు పెరుగుతుందని ఎవరో చెప్తే పేజ్‌ఫైల్ తీసేసి, 8 జీబీ ర్యామ్‌తో కొత్త గేములు ఆడేవాళ్లు చాలామంది వస్తున్నారు. సీ డ్రైవ్‌లో 30 జీబీ అయినా ఖాళీ ఉంచండి. ఇవన్నీ అయ్యాకే, మీరు సరేనంటేనే, ఫైళ్లు కాపీ తీసి ఫార్మాట్.

చచ్చిన కార్డుకి హీట్ గన్ కొట్టి లేపడం మేం చేయం. లేచినా ఎక్కువ కాలం నిలవదు, దానికి డబ్బు తీసుకోవడం మాకు ఇష్టం లేదు.

తెచ్చేటప్పుడు క్యాబినెట్‌తో పాటు మీ పవర్ కేబుల్ కూడా తేండి, లూజు కేబుల్ వల్ల కూడా ఆరిపోతుంది. మానిటర్ అక్కర్లేదు. మా దగ్గర రెండు రోజులూ ఆగకుండా నడిస్తే 400 తీసుకోం. అప్పుడు అనుమానం మీ గది వేడి మీదికో, ప్లగ్గు మీదికో, యూపీఎస్ మీదికో వెళ్తుంది. యూపీఎస్ తీసి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి, వేరే గదిలో పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అదే గేమ్ ఆడి, ఎప్పుడు ఆగిందో రాసి పంపండి.