తక్‌పట్టీ మీద వేలు పెట్టి

హనుమకొండ

మిత్రమా,

నువ్వు మొన్న అడిగినదానికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే ఈ ఉత్తరం. "ఫోనే చదివి వినిపిస్తుంది, నోటితో చెబితే రాసిపెడుతుంది. ఇంకా పెద్దవాళ్ళతో గుణింతాలు దిద్దించడం ఎందుకు?" అన్నావు. మీ కోరుట్లలో తల్లులందరూ వాయిస్ మెసేజీలతోనే పనులు చక్కబెట్టుకుంటున్నారన్నావు. ఇక్కడి పొదుపు సంఘం మహిళలూ అంతే. అయినా నీ మాట నేను ఒప్పుకోను.

నేను పెద్దవాళ్ళకు నడిపే సాయంత్రం తరగతికి వచ్చే ఒక అక్క వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ, తెచ్చింది. ముందు ఫోనుతోనే చదివించింది. పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, హమాలీ కూలి, మొత్తం సొమ్ము అన్నీ ఫోను ఒకే గొంతుతో, ఒకే వేగంతో చదివేసింది. చివరి అంకె వినేసరికి ఆమెకు మొదటిది గుర్తులేదు. అప్పుడు చీటీ ఆమె ముందు పెట్టి, "తూకం ఎక్కడ రాశారో చూపించక్కా" అన్నాను. వేలు పెట్టి వెతికింది. తూకం గడి దొరికింది, పక్కనే ధర దొరికింది. రెండూ గుణించి, హమాలీ తీసేసి, కింద ఉన్న మొత్తంతో సరిచూసింది. సరిపోయింది. సరిపోయిందని తెలిశాక కూడా మళ్ళీ మొదటినుంచి లెక్క వేసింది. ఆ రెండోసారి వేసిన లెక్క కోసమే నేను తరగతి నడుపుతున్నాను.

విన్నదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చడం ఎంత కష్టమో ఆలోచించు. ఇదివరకు పక్కింటి పిల్లవాడిని బతిమాలి చదివించుకునేవారు, ఇప్పుడు ఫోనును అడుగుతున్నారు. ఏ వరుస తనకు సంబంధించిందో తెలియనప్పుడు ఎవరు చదివి పెడితే ఏమిటి?

అక్షరాస్యత అర్థం మారుతూనే ఉంది. రోజువారీ జీవితం గురించి చిన్న వాక్యాన్ని అర్థం చేసుకుని చదవగలిగి, రాయగలిగితే చాలని 1958లో యునెస్కో అంది. మన జనగణన కూడా ఏడేళ్ళు నిండినవాళ్ళు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదివి, రాయగలిగితే అక్షరాస్యులే అంటుంది. ఆ లెక్కన 2011లో తెలంగాణలో అక్షరాస్యులు 66.5 శాతం, మహిళల్లో 58 శాతం దాకా. అదైనా ఇంట్లోవాళ్ళు చెప్పిన మాటే, పరీక్ష పెట్టి చూసింది కాదు. 2024లో కేంద్రం అక్షరాస్యత నిర్వచనంలో లెక్కలు చేయడాన్ని, డిజిటల్, ఆర్థిక విషయాల అవగాహనను కూడా చేర్చింది. పెద్దవాళ్ళకు చదువు నేర్పే కేంద్రం ఉల్లాస్ పథకంలో చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50 మార్కుల పరీక్ష ఉంది. నిర్వచనం పెరగడం నాకు సంతోషమే. డిజిటల్ పేరు చెప్పి ఒక వీడియో చూపించి, అక్షరాల పని వదిలేస్తారేమోనన్నదే నా భయం.

నిజానికి ఈ పెద్ద అర్థం మనకు కొత్తది కాదు. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, 1904లో, మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళు జనం తెలుగులో పుస్తకాలు చదవాలని, లోకం సంగతులు తెలుసుకోవాలని పెట్టారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు దిద్దిన చేతులే ప్రశ్న కూడా వేశాయి. ఈ రెండు పనులనూ విడదీసి నేర్పాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, నాకు అసలు నచ్చదు.

నేర్పే తీరు గురించి అడిగావు కదా. అ ఆ ఇ ఈలతో మొదలుపెట్టను. తల, వల, పలక లాంటి మాటలు రాయించి, అక్షరాలను వాటిలోంచే పట్టుకోమంటాను. ఒత్తులు మాత్రం సంఘం పుస్తకమే నేర్పింది. అప్పులో ప కింద ప ఒత్తు, వడ్డీలో డ కింద డ ఒత్తు, కిస్తులో స కింద త ఒత్తు! నెలనెలా కళ్ళ ముందు కనబడే మాటలు కాబట్టి ఒకరి తప్పు ఒకరు దిద్దేస్తున్నారు. తర్వాత అర్జీ. నేనెవరు, ఏమైంది, నాకేం కావాలి అని మూడు వాక్యాలు. మొదటి రెండూ నోటితో చెప్పమన్నా గడగడా చెబుతారు. మూడోది రాసేటప్పుడే కలం ఆగుతుంది. "వీధి దీపం కావాలి" అని రాయాలా, "బడి మూలమీద దీపం పెట్టించండి" అని రాయాలా అని ఒక అవ్వ చాలాసేపు వాదించింది. రెండోదే రాసింది. నోటితో చెబితే రాసిపెట్టే ఫోను ఆ వాదన పెట్టదు కదా!

పగలు బడిలోనూ ఇదే అవస్థ. మూడో తరగతి పిల్లలు పేరా మొత్తం తడబడకుండా చదువుతారు. ఇందులో ఎవరు ఎక్కడికి వెళ్ళారని అడిగితే పేరా మళ్ళీ మొదటినుంచి అందుకుంటారు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం మొదలయ్యాక ధారాళంగా చదివేవాళ్ళు పెరిగారు, నాకు తృప్తిగానే ఉంది. ఇక ప్రశ్న మీద కూర్చోవాలి. నేను పాఠం ముందు చదివించడం మానేసి, ప్రశ్న బోర్డు మీద రాసి జవాబున్న వాక్యం వెతకమంటున్నాను. నీ తరగతిలో కూడా చేసి చూడు.

ఒక సాయం కావాలి. మీ వైపు బీడీ కార్మికుల ఇళ్ళలో పీఎఫ్ కాగితాలు, ఆకు తంబాకు లెక్క రాసే కార్డులు ఉంటాయి. పేర్లు, నంబర్లు కొట్టేసి ఒకటి రెండు నకళ్ళు తీసి పంపు. ఇక్కడ బీడీలు చుట్టేవాళ్ళు తరగతికి కొత్తగా చేరారు, వాళ్ళ ముందు మిర్చి చీటీలు పెడితే ఏం లాభం? దసరా లోపు పంపితే మరీ మంచిది.

నీ మిత్రుడు