భారతం ఆడే పిల్లలకు బెంగళూరులో వేదిక ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

కుప్పం, పలమనేరు వైపు పల్లెల్లో వేసవిలో 18 రోజులు భారతం జరుగుతుంది, మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధి నాటకం, అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కి నిమ్మకాయలు విసిరితే సంతానం కోరే ఆడవాళ్లు కింద తడిబట్టలతో సాగిలపడి ఉంటారు, చివరి రోజు భారీ మట్టి బొమ్మ దగ్గర దుర్యోధన వధ. ఇదంతా మన బెంగళూరుకు రెండు మూడు గంటల దూరంలోనే!

ఆ ఊళ్ల కుర్రాళ్లు చాలామంది ఇక్కడే పీజీల్లో ఉంటున్నారు. నేర్పే గురువులు ఊళ్లో, నేర్చుకోవాల్సినవాళ్లు సిటీలో.

క్లాసులో నోరు విప్పని పిల్లాడు కూడా ముఖానికి అర్దళం (వేషానికి వేసుకునే పసుపు రంగు) పూసుకుని, కిరీటం పెట్టుకుంటే గొంతెత్తి పద్యం పాడతాడు, పక్క ఊరి పిల్లలతో స్నేహం కుదిరేదీ ఆ రిహార్సల్స్‌లోనే. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి సినిమా డ్యాన్సులకు పెట్టే ఖర్చులో కొంత తీసి, సెలవుల్లో నాలుగైదు ఊళ్ల పిల్లలకు కలిపి శిక్షణ ఇప్పించాలి. మన సిటీ పిల్లలనూ అందులో చేర్చాలి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులనూ పిలవాలి. తర్వాత ఆ పిల్లలందరితో రవీంద్ర కళాక్షేత్రంలో ఒక రాత్రి ఆడించాలి, దారి ఖర్చులు సంఘాలే భరించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు